నొప్పి మాత్రల వల్ల కడుపు పొరకు కలిగే హాని: మొక్కల సారాలు ఎంతవరకు కాపాడగలవు?

ఔషధ_విద్యార్థిని (వరంగల్)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఎం.ఫార్మసీ చివరి సంవత్సరం చదువుతున్నాను. నొప్పి మాత్రల వల్ల కడుపు లోపలి పొర దెబ్బతినకుండా మొక్కల సారాలు కాపాడగలవా అన్న విషయం మీద సిద్ధాంత వ్యాసం రాయాలని అనుకుంటున్నాను. అయితే ఇప్పటికే వచ్చిన పరిశోధన పత్రాలు చదివేకొద్దీ నాలో ఒక అనుమానం బలపడుతోంది.

ఉసిరి, మునగ, పిల్లిపీచర, కలబంద, వేప బెరడు, అల్లం, పసుపు, అతిమధురం, పచ్చి అరటికాయ, వీటిలో దేనిని తీసుకున్నా కథ ఒకే తీరుగా నడుస్తోంది. ఎలుకలను ఒక రోజు పస్తు ఉంచుతారు, కిలో బరువుకు 200 లేదా 400 మిల్లీగ్రాముల సారం తాగిస్తారు, గంట ఆగి ఇండోమెథాసిన్ అనే నొప్పి మందు ఇస్తారు, కొన్ని గంటల తరువాత కడుపు తెరిచి గాయాలు లెక్కపెట్టి, చెప్పుకోదగ్గ రక్షణ కనిపించిందని తేలుస్తారు. ఇన్ని మొక్కలు ఇంత బాగా పనిచేస్తున్నప్పుడు వాటిలో ఒక్కటైనా మన ఆస్పత్రుల చీటీల మీదికి ఎందుకు రాలేదు? మరో మొక్కను తీసుకుని అదే ప్రయోగం మళ్ళీ చేయడం నాకు ఇష్టం లేదు. ఏ మొక్కను ఎంచుకోవాలి, ప్రయోగాన్ని ఎలా మలిస్తే ఫలితానికి నిజమైన విలువ ఉంటుంది అన్న విషయాల్లో అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

జీర్ణకోశ_వైద్యుడు (విజయవాడ)

అమ్మా, చాలా మంచి ప్రశ్న వేశారు. మొక్కల సంగతికి వెళ్ళే ముందు, ఈ మాత్రలు కడుపును ఏ దారిన దెబ్బతీస్తాయో ఒకసారి స్పష్టం చేసుకుందాం, ఎందుకంటే ఏ సారం దేనిని అడ్డుకుంటోందో తెలియకపోతే "రక్షణ" అన్న మాటకు అర్థం ఉండదు.

ఆస్పిరిన్ 1899లో మార్కెట్లోకి వచ్చింది. అది కడుపు పొరను ఎర్రగా కమిలేలా చేస్తుందని, పుండు పెడుతుందని 1938లో లండన్ వైద్యులు డౌత్‌వెయిట్, లింటాట్ నోటి గుండా కడుపులోకి చూసే గొట్టం వేసి కళ్ళారా చూసి రాశారు. కారణం మాత్రం 1971లో జాన్ వేన్ చెప్పేదాకా తెలియలేదు. ఈ మందులు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని ఆపుతాయని ఆయన చూపించారు, 1982లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. కడుపులో జిగురు పొరను, బైకార్బనేట్‌ను ఊరించేవీ, పొరకు రక్తప్రసరణను నిలబెట్టేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. వాటిని తయారుచేసే కాక్స్-1 అనే ఎంజైము మూతపడగానే ఈ కాపలా అంతా సడలిపోతుంది. దానికి తోడు చిన్న రక్తనాళాల గోడలకు తెల్ల రక్తకణాలు అతుక్కుని అక్కడి కణజాలానికి హాని చేస్తాయి.

ఇది రక్తం ద్వారా జరిగే నష్టం. రెండవది నేరుగా తగిలే నష్టం. ఆస్పిరిన్ బలహీనమైన ఆమ్లం కాబట్టి కడుపులోని పులుపులో అది విడిపోకుండా ఉండి, పొరలోని కణాల్లోకి సులువుగా దూరుతుంది. లోపల పులుపు లేనందువల్ల అక్కడ అయాన్లుగా విడిపోయి బయటికి రాలేక పోగుపడి, కణాన్ని చంపుతుంది.

మన ప్రాంతంలో చాలామంది మాత్ర కడుపుకు పడదని డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటారు. సూది వల్ల నేరుగా తగిలే నష్టం తప్పుతుంది కానీ రక్తం ద్వారా జరిగే నష్టం తప్పదు. కడుపు పొర మీద పూతలా పరుచుకునే మొక్కల జిగురుకు కూడా ఇదే పరిమితి వర్తిస్తుంది.

మందుల_దుకాణం (నల్గొండ)

డాక్టరు గారు చెప్పిన సూది సంగతి మా దుకాణంలో రోజూ వినే మాటే. నాట్ల కాలంలో నడుము నొప్పులతో వచ్చేవాళ్ళు చీటీ లేకుండానే ఎసిక్లోఫెనాక్ అడుగుతారు, దానితో పాటు "ఒక గ్యాస్ మాత్ర కూడా ఇవ్వండి" అంటారు. ఈ మధ్య కొందరు ఆ గ్యాస్ మాత్రకు బదులు అతిమధురం చూర్ణం వాడుతున్నామని చెబుతున్నారు. సెల్‌ఫోనులో ఎవరో చెప్పారట. పరిశోధన ప్రశ్నతో పాటు ఈ ప్రశ్నకు కూడా పెద్దలు సమాధానం ఇస్తే నా వంటి వారికి ఉపయోగంగా ఉంటుంది. నొప్పి మాత్ర వేసుకునేవారు పాంటోప్రజోల్ (ఆమ్లం తగ్గించే ఆ గ్యాస్ మాత్ర) మానేసి అతిమధురం మీద ఆధారపడవచ్చా?

ఔషధశాస్త్ర_శోధకుడు (బెంగళూరు)

విద్యార్థిని గారి అనుమానం సరైనదని నా అభిప్రాయం. ఆ పత్రాల్లో చాలావాటికి ఉన్న లోపం మొక్కలో లేదు, ప్రయోగం అడిగిన ప్రశ్నలో ఉంది. కొంచెం వివరంగా రాస్తాను.

మొదట మోతాదు చూడండి. ఎలుక మోతాదును మనిషి మోతాదుగా మార్చడానికి ఒంటి ఉపరితలం లెక్కన 6.2తో భాగించడం వాడుకలో ఉన్న పద్ధతి. ఎలుకకు కిలోకు 400 మి.గ్రా. అంటే మనిషికి కిలోకు సుమారు 64.5 మి.గ్రా., అంటే 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 3.9 గ్రాముల సారం. మొక్క పొడిలో పదోవంతు సారంగా దిగుతుందనుకుంటే, దాని వెనుక 39 గ్రాముల ఎండు పొడి ఉంటుంది. అంత పదార్థాన్ని నెలల తరబడి ఎవరు తీసుకోగలరు? ఈ లెక్క ఎక్కువ పత్రాల్లో కనిపించదు.

తరువాత గాయం. కీళ్ళవాతం ఉన్న మనిషి నెలల తరబడి చిన్న మోతాదులో మాత్ర మింగుతాడు. ఎలుకకు మాత్రం ఒకే దెబ్బలో కిలోకు 20, 30 మి.గ్రా. లేదా అంతకంటే ఎక్కువ ఇండోమెథాసిన్ ఇస్తారు, మనిషి రోజువారీ మోతాదేమో కిలోకు రెండు మూడు మిల్లీగ్రాములు కూడా దాటదు. పస్తున్న ఎలుకలో వచ్చేవి కడుపు పైభాగంలోని పైపై ఒరుపులు. అవి లోపలి కండర పొరను దాటి దిగే నిజమైన పుండ్లు కావు. అదే ఎలుకను పస్తు ఉంచి, మళ్ళీ మేత పెట్టి, ఆ తరువాత ఇండోమెథాసిన్ ఇస్తే కడుపు చివరి భాగంలో లోతైన పుండ్లు పడతాయి. మనుషుల్లో కనిపించే వాటికి ఇవి దగ్గరగా ఉంటాయి. పని కొంచెం పెరిగినా మీరు ఈ నమూనానే ఎంచుకోవడం మంచిది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెబుతాను. సారాన్ని నోటి ద్వారా ఇచ్చి, మందును కూడా నోటి ద్వారానే ఇస్తే, సారంలోని టానిన్లు (వగరు పదార్థాలు) గానీ జిగురు గానీ ఆ మందును పట్టి ఉంచి రక్తంలోకి పోనివ్వకపోవచ్చు. అప్పుడు గాయాలు తగ్గుతాయి, దానితో పాటు నొప్పి తగ్గించే గుణం కూడా తగ్గుతుంది. పని చేయని నొప్పి మాత్ర కడుపుకు హాని చేయకపోవడంలో ఆశ్చర్యమేముంది? అందువల్ల ఒక జట్టు ఎలుకలకు ఇండోమెథాసిన్‌ను చర్మం కింద సూదితో ఇవ్వండి. మరో జట్టులో రక్తంలోని మందు స్థాయిని కొలవండి. ఎలుక పాదానికి వాపు తెప్పించి చూసే నమూనాలో ఆ మందు గుణం తగ్గలేదని కూడా చూపించండి. ఈ మూడూ చేసిన పత్రం దొరకడం అరుదు. మీరు చేస్తే, మీ ఫలితం వ్యతిరేకంగా వచ్చినా దానికి విలువ ఉంటుంది.

ఇంకొక జాగ్రత్త ఉంది. చాలామంది గాఢమైన ఆల్కహాల్‌తో కడుపును కాల్చి, అందులో వచ్చిన రక్షణను నొప్పి మాత్రలకు కూడా ఆపాదిస్తారు. అప్‌జాన్ సంస్థలో పనిచేసిన ఆండ్రే రాబర్ట్ 1979లో ప్రోస్టాగ్లాండిన్లు అతి తక్కువ మోతాదులో కూడా ఎలుక కడుపును ఆల్కహాల్ నుంచి కాపాడతాయని చూపించారు. కొన్నేళ్ళ తరువాత ఆయన బృందమే మరొక సంగతి బయటపెట్టింది. పలుచని ఆల్కహాల్, పలుచని ఆమ్లం వంటి స్వల్ప చికాకు కలిగించేవి ముందుగా ఇస్తే, కడుపు తనంతట తానే ప్రోస్టాగ్లాండిన్లు ఊరించుకుని తరువాతి పెద్ద దెబ్బను తట్టుకుంటుంది. అంటే కడుపును కొద్దిగా రేపే ఏ కషాయమైనా ఆల్కహాల్ నమూనాలో రక్షకుడిలా కనిపించవచ్చు. ఆ రక్షణను ఇండోమెథాసిన్ చెరిపేస్తుంది. కాబట్టి ఆల్కహాల్ నమూనాలో గెలిచిన మొక్క నొప్పి మాత్రల ముందు నిలబడుతుందని చెప్పలేము.

ఆయుర్వేద_వైద్యురాలు (తిరుపతి)

శోధకుడు గారి విమర్శలో చాలా భాగాన్ని నేను అంగీకరిస్తాను. అయితే దాన్ని చదివినవారు మొక్కలన్నీ ఎలుకల దగ్గరే ఆగిపోయాయని అనుకోకూడదు కాబట్టి ఇది రాస్తున్నాను.

అతిమధురం కథ చూడండి. 1940లలో నెదర్లాండ్స్‌లో రెవర్స్ అనే వైద్యుడు, ఒక ఊరి మందుల తయారీదారు అతిమధురం ముద్ద ఇచ్చి కడుపు పుండ్ల రోగులకు మేలు చేస్తున్నాడని గమనించి, తానూ వాడి చూశాడు. మేలు కనిపించింది, దానితో పాటు కొందరికి ముఖం, కాళ్ళు వాచాయి. ఆ రెండు విషయాలనూ ఆయన నిజాయితీగా నమోదు చేశాడు. అతిమధురంలోని గ్లైసిరెటినిక్ ఆమ్లం నుంచి తయారైన కార్బెనాక్సొలోన్ అనే మందును 1960లలో బ్రిటన్‌లో కడుపు పుండ్లకు వాడారు. అది ఆమ్లాన్ని తగ్గించే మందు కాదు. జిగురు పొరను పెంచుతుంది, ప్రోస్టాగ్లాండిన్లు విరిగిపోకుండా నిలబెడుతుంది. ఆమ్లాన్ని తగ్గించే సిమెటిడిన్ 1976లో వచ్చిన తరువాత, వాపులు, పొటాషియం తగ్గడం వంటి ఇబ్బందుల వల్ల అది వెనకబడింది. మొక్క పని చేయక కాదు, అంతకంటే సురక్షితమైనది దొరికినందువల్ల. "ఒక్కటైనా చీటీ మీదికి ఎందుకు రాలేదు" అన్న ప్రశ్నకు, ఒకటి వచ్చి వెళ్ళిందన్నది నా సమాధానం.

మరొక మాట. మా శాస్త్రంలో యష్టిమధువును (అతిమధురం), శతావరిని (పిల్లిపీచర) పాలతోనో నెయ్యితోనో, రోగి ప్రకృతి చూసి, కొంతకాలానికే పరిమితం చేసి ఇస్తాము. మెథనాల్‌తో తీసిన సారాన్ని ఎలుకకు ఒకసారి తాగించి ఆ ఫలితాన్ని ఆయుర్వేదానికి అంటగట్టడం మాకూ అభ్యంతరకరమే. మందుల దుకాణం నడిపే సోదరుడు అడిగిన ప్రశ్నకు నా సమాధానం కూడా స్పష్టమే. వైద్యుడు ఆమ్లం తగ్గించే మాత్ర రాసి ఇచ్చినప్పుడు, దాని స్థానంలో సొంతంగా అతిమధురం వాడడాన్ని నేను సమర్థించను.

కూకట్‌పల్లి_కొడుకు (హైదరాబాద్)

ఈ చర్చ చదివి ఆందోళనతో రాస్తున్నాను. మా అమ్మ వయసు అరవై దాటింది. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ తరచుగా వేసుకుంటుంది. కడుపులో మంట తగ్గుతుందని కొంతకాలంగా రోజూ పరగడుపున ఒక చెంచా అతిమధురం చూర్ణం పాలలో కలుపుకుని తాగుతోంది. బి.పి.కి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతోంది. కొద్ది రోజులుగా చీలమండల దగ్గర వాపు, కాళ్ళలో నీరసం ఉన్నాయి. బి.పి. కూడా ఇంతకుముందుకంటే ఎక్కువగా చూపిస్తోంది. దీనికి అతిమధురానికి సంబంధం ఉండే అవకాశం ఉందా?

జీర్ణకోశ_వైద్యుడు (విజయవాడ)

బాబూ, సంబంధం ఉండే అవకాశం బలంగా ఉంది. అతిమధురం చూర్ణాన్ని ఈరోజే ఆపించండి. రేపే అమ్మగారిని తన వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళి రక్తంలో సోడియం, పొటాషియం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. ఒకవేళ గుండె దడగా అనిపించినా, కాళ్ళు లేవలేనంత బలహీనపడినా రేపటి వరకు ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళండి.

కారణం చెబుతాను. అతిమధురంలోని గ్లైసిరైజిన్ పేగుల్లో గ్లైసిరెటినిక్ ఆమ్లంగా మారుతుంది. మూత్రపిండాల్లో కార్టిసాల్ అనే హార్మోనును నిర్వీర్యం చేసే ఒక ఎంజైమును అది ఆపుతుంది. దానితో కార్టిసాల్, ఉప్పును నిలిపే అల్డోస్టెరాన్ అనే మరో హార్మోను చేయవలసిన పనిని చేయడం మొదలుపెడుతుంది. ఉప్పు, నీరు ఒంట్లో నిలుస్తాయి, పొటాషియం మూత్రంలో పోతుంది, బి.పి. పెరుగుతుంది. హైడ్రోక్లోరోథయజైడ్ కూడా పొటాషియాన్ని బయటికి పంపే మందే, కాబట్టి రెండూ కలిస్తే నష్టం రెట్టింపవుతుంది. గ్లైసిరైజిన్ క్రమంగా తీసుకునేవారు రోజుకు 100 మి.గ్రా. దాటకూడదని యూరప్ నిపుణుల సంఘం సూచించింది. వేరులో అది 4 శాతమే ఉందనుకున్నా, మూడు గ్రాముల చూర్ణంలో 120 మి.గ్రా. ఉంటుంది.

ఇంకొక విషయం కూడా మీ వైద్యుడితో తప్పక మాట్లాడండి. టెల్మిసార్టాన్ వంటి మందు, నీరు తీసే మందు, డైక్లోఫెనాక్, ఈ మూడూ ఒకేసారి పడితే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. వాపుకు అది కూడా కారణం కావచ్చు. మోకాళ్ళకు పారాసిటమాల్, పైపూత జెల్, తొడ కండరాల వ్యాయామం వంటి మార్గాలు ఆయన సూచించగలరు.

నల్గొండ సోదరుడికి కూడా ఇదే నా సమాధానం. గ్లైసిరైజిన్ తొలగించిన అతిమధురం సారం మార్కెట్లో ఉంది, దానితో ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. అయినా రక్తస్రావం కాకుండా కాపాడే విషయంలో అది పాంటోప్రజోల్‌కు సమానమని చెప్పే ఆధారం లేదు. కడుపు మంట తగ్గడం వేరు, పుండు పడకపోవడం వేరు. నొప్పి మాత్రల పుండ్లు చాలామందిలో ఏ నొప్పీ లేకుండా పెరిగి, నల్లటి తారు వంటి విరేచనంతోనే బయటపడతాయి. ఆ మాత్రల నొప్పి తగ్గించే గుణమే పుండు నొప్పిని కూడా కప్పేస్తుంది. ఇదివరకు పుండు ఉన్నవారు, 65 దాటినవారు, స్టెరాయిడ్లు గానీ రక్తం పలుచన చేసే మందులు గానీ వాడుతున్నవారు, కడుపులో హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉన్నవారు, వీరిలో ఎవరినీ మంట తగ్గిందన్న ఒక్క గుర్తు మీద వదిలేయకూడదు.

మిరప_పొలం (గుంటూరు)

ఒక చిన్న సందేహం. కారం తింటే అల్సర్ వస్తుందని మా ఊళ్ళో ప్రతి డాక్టరూ చెబుతాడు. మొన్న ఒకరు మిరపకాయే కడుపును కాపాడుతుందని అన్నారు. ఇందులో నిజం ఎంత?

ఔషధశాస్త్ర_శోధకుడు (బెంగళూరు)

గుంటూరు వారు ఈ ప్రశ్న అడగడం నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే ఈ మొత్తం విషయంలో మనుషుల మీద నేరుగా జరిగిన చక్కని ప్రయోగాల్లో మిరపది ఒకటి. 1995లో సింగపూర్ పరిశోధకులు 18 మంది ఆరోగ్యవంతులకు ఒక రోజు 20 గ్రాముల ఎండుమిరప కారం నీళ్ళతో ఇచ్చి, అరగంట తరువాత 600 మి.గ్రా. ఆస్పిరిన్ ఇచ్చారు. మరొక రోజు కారం లేకుండా ఆస్పిరిన్ ఒక్కటే ఇచ్చారు. ఆరు గంటల తరువాత గొట్టం వేసి చూసి గాయాలకు మార్కులు వేశారు. కారం తీసుకున్న రోజున మధ్యస్థ మార్కు 1.5, తీసుకోని రోజున 4.

కారణం క్యాప్సైసిన్. కడుపు గోడలోని నొప్పి తెలిపే నరాల కొసలను అది తట్టగానే, ఆ నరాలు సి.జి.ఆర్.పి. అనే పదార్థాన్ని విడుస్తాయి, దానితో పొరకు రక్తప్రసరణ పెరుగుతుంది. ఈ మార్గానికి ప్రోస్టాగ్లాండిన్ల మీద పూర్తి ఆధారం లేదు కాబట్టి, నొప్పి మాత్ర కాక్స్-1ను మూసినా ఇది కొంత తెరిచే ఉంటుంది. అయితే ఇందులోనే మెలిక ఉంది. క్యాప్సైసిన్ మరీ ఎక్కువైతే ఆ నరాలు మొద్దుబారతాయి, అప్పుడు రక్షణ పోయి హానే పెరుగుతుంది. ఎలుకల్లో ఇది స్పష్టంగా కనిపించింది. ఇరవై గ్రాముల కారం ఒక్కసారిగా మింగడం ఎవరికైనా ఎంత కష్టమో మీకే బాగా తెలుసు. ఈ ప్రయోగం ఒక మార్గాన్ని చూపించింది, వైద్యాన్ని కాదు. పుండు ఉన్నవారికి కారం మంటను పెంచుతుంది కనుక మీ ఊరి వైద్యులు చెప్పే పథ్యాన్ని దీని ఆధారంగా మానవద్దు.

ఔషధ_విద్యార్థిని (వరంగల్)

అందరికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా చెబుతారని ఊహించలేదు. చర్చను బట్టి పచ్చి అరటికాయను ఎంచుకోవాలని అనిపిస్తోంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో సన్యాల్ బృందం 1960లలోనే ఫినైల్‌బ్యూటజోన్ వల్ల గినీ పందులకు వచ్చే పుండ్ల మీద అరటిని పరీక్షించినట్లు చదివాను. ఆ మందు కూడా నొప్పి మాత్రల కుటుంబమే కదా. మనకు కూర అరటికాయ ఏడాది పొడుగునా దొరుకుతుంది, రోజూ తినేదే కాబట్టి విషగుణం భయం కూడా తక్కువ. ఈ ఎంపిక మీద, సారం తయారీ మీద అభిప్రాయం చెప్పగలరా?

ఔషధశాస్త్ర_శోధకుడు (బెంగళూరు)

మంచి ఎంపిక. బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయం వారు 1984లో, ఆస్పిరిన్ వల్ల ఎలుకల్లో వచ్చే గాయాలను పచ్చి అరటికాయ పొడి ముందుగా ఇస్తే అడ్డుకోవడమే కాక, గాయం పడిన తరువాత ఇచ్చినా మాన్పిందని చూపించారు. నాకు ఆసక్తి కలిగించేది ఆ రెండవ భాగం. ముందుగా ఇస్తే కాపాడేవి చాలా ఉన్నాయి, తరువాత ఇచ్చినా మాన్పేవి తక్కువ. మన దగ్గరికి వచ్చే రోగి ఎప్పుడూ గాయం పడ్డాకే వస్తాడు. పండిన అరటిపండుతో ఆ ఫలితం రాలేదు. అదే దిశలో జరిగిన పని వల్ల 1999లో ల్యూకోసయానిడిన్ అనే ఫ్లేవనాయిడ్‌ను పచ్చి అరటికాయ గుజ్జులోని క్రియాశీల పదార్థంగా గుర్తించారు.

దీని నుంచి మీ పనికి వచ్చేవి కొన్ని ఉన్నాయి. కాయ రకం, కోసిన రోజు, పక్వత మూడూ రాసి ఉంచండి. బజారులో కొన్న కాయ రెండు రోజుల్లో రంగు తిరుగుతుంది, దానితో మీరు కొలిచే పదార్థమే మారిపోతుంది. తొక్క తీసి గుజ్జును పలుచని చక్రాలుగా కోసిన వెంటనే అది నల్లబడడం మొదలవుతుంది. ఆ నల్లబడడం పాలీఫినాల్స్ ఆక్సీకరణమే, అంటే మీకు కావలసిన పదార్థం మీ కళ్ళ ముందే పోతోందన్న మాట. కాబట్టి కోసిన చక్రాలను ఆలస్యం చేయకుండా తక్కువ వేడిలో ఆరబెట్టండి, వీలుంటే శీతల శుష్కీకరణ యంత్రం వాడండి. ప్రతి విడత సారంలో మొత్తం ఫ్లేవనాయిడ్లనూ, ల్యూకోసయానిడిన్‌ను విడిగానూ కొలిచి రాయండి. అరటికాయలో పిండి పదార్థం విపరీతంగా ఉంటుంది. పిండి ఒక్కటే పూతలా పనిచేసి మిమ్మల్ని మోసం చేయవచ్చు. అందువల్ల అంతే బరువు పిండి మాత్రమే ఇచ్చిన జట్టు ఒకటి తప్పనిసరిగా ఉండాలి.

గాయాలను లెక్కపెట్టడం కూడా, ఏ ఎలుకకు ఏ మందు ఇచ్చారో తెలియని వ్యక్తి చేత చేయించండి. కడుపుతో ఆపకండి, చిన్న పేగును కూడా తెరిచి చూడండి. కడుపును కాపాడే ఓమెప్రజోల్ వంటి మందులు చిన్న పేగును కాపాడవు, పైగా ఎలుకల్లో పేగులోని సూక్ష్మజీవుల సమతుల్యం మార్చి నొప్పి మందుల హానిని పెంచాయని కెనడాలో జాన్ వాలేస్ బృందం 2011లో చూపించింది. ఆమ్లం తగ్గించే మందులు చేరలేని ఆ చోట మొక్క సారం ఏమైనా చేయగలిగితే, అదే మీ వ్యాసానికి అసలైన కొత్తదనం అవుతుంది.

మందుల_దుకాణం (నల్గొండ)

అతిమధురం గురించి స్పష్టత వచ్చింది, ఇకపై అడిగినవారికి బి.పి. మాత్రల సంగతి కనుక్కుని చెబుతాను. వేప బెరడు గురించి కూడా ఒక మాట చెప్పండి. మా వైపు వేప బెరడు కషాయం తాగేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆయుర్వేద_వైద్యురాలు (తిరుపతి)

వేప బెరడు మీద కోల్‌కతా శాస్త్రవేత్తలు చేసిన పని గట్టిది. బెరడు నీటి సారం కడుపులో ఆమ్లాన్ని పంపు చేసే ఎంజైమును అణచడంతో పాటు, కణాలను దెబ్బతీసే హైడ్రాక్సిల్ రాడికల్‌ను కూడా పట్టేస్తుందని వారు ఎలుకల్లో ఇండోమెథాసిన్ గాయాల మీద చూపించారు. 2004లో రోగుల మీద ప్రచురించిన పనిలో, 30 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు 10 రోజులు ఇస్తే ఆమ్లం ఊరడం 77 శాతం తగ్గిందని రాశారు. అయితే అది కొద్దిమంది మీద చేసిన పని. అక్కడ వాడినది శుభ్రపరచి, ఆరబెట్టి, మోతాదు కట్టిన సారం. ఇంట్లో పిడికెడు బెరడు మరిగించిన గిన్నెలో ఎంత సారం దిగిందో ఎవరికీ తెలియదు. గర్భిణులకు, పిల్లలు కావాలనుకునేవారికి, చిన్న పిల్లలకు వేప కషాయం ఇవ్వకండి.

మీ దుకాణానికి సంబంధించిన మరొక హెచ్చరిక కూడా చేయాలి. కీళ్ళ నొప్పులకు పేరు, చిరునామా లేని పొట్లాల్లో అమ్మే "ఆయుర్వేద" పొడుల్లో కొన్నింటిలో స్టెరాయిడ్లు, డైక్లోఫెనాక్ కలిపి ఉన్నట్లు పరీక్షల్లో బయటపడుతూనే ఉంది. రోగి తాను మూలికే వాడుతున్నానని అనుకుంటాడు, లోపల కడుపును కాల్చే మందే ఉంటుంది. మా శాస్త్రానికి ఇంతకంటే పెద్ద ద్రోహం లేదు. ఉత్పత్తి అనుమతి సంఖ్య లేని పొట్లాన్ని దయచేసి అమ్మకండి, ఎవరైనా చూపిస్తే వాడవద్దని చెప్పండి.

జీర్ణకోశ_వైద్యుడు (విజయవాడ)

వైద్యురాలు గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రక్తపు వాంతులతో వచ్చిన రోగిని ఏ నొప్పి మాత్ర వాడావని అడిగితే ఏదీ లేదంటారు, ఆ తరువాత జేబులోంచి అటువంటి పొట్లం తీస్తారు.

విద్యార్థిని గారి మొదటి ప్రశ్నకు తిరిగి వస్తే, మొక్క సారం చీటీ మీద ఉన్న దేశం ఒకటి ఉంది. దక్షిణ కొరియాలో ఆర్టెమీసియా జాతి మాచిపత్రి ఆకు సారాన్ని, అందులోని యుపాటిలిన్ అనే పదార్థం ఆధారంగా ప్రమాణీకరించి, 2002 నుంచి కడుపు పొర వాపుకు వైద్యులు రాస్తున్నారు. ఎసిక్లోఫెనాక్ తీసుకునేవారిలో దాన్ని ప్రోస్టాగ్లాండిన్‌ను పోలిన మిసోప్రోస్టాల్ అనే మందుతో పోల్చి కూడా చూశారు. గాయాలను అడ్డుకోవడంలో మిసోప్రోస్టాలే ముందున్నది, కానీ విరేచనాల వంటి ఇబ్బందులు సారంతో తక్కువగా వచ్చాయి. నా దృష్టిలో ఇది మొక్కకు అవమానమేమీ కాదు. మిసోప్రోస్టాల్ తట్టుకోలేక మానేసేవారు ఎందరో ఉన్నారు, గర్భిణులకు అది అసలు ఇవ్వకూడదు. ఒక సారాన్ని నిజమైన మందు పక్కన, నిజమైన నొప్పి మాత్ర కింద, మనుషుల్లో, గొట్టం వేసి పరీక్షించడం అంటే ఏమిటో అక్కడ చేసి చూపించారు. మన అరటికాయకు, వేప బెరడుకు ఆ స్థాయి పరీక్ష రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

గుండె కోసం చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడుతున్నవారు ఈ చర్చ చదివి భయపడి దాన్ని సొంతంగా ఆపవద్దు. స్టెంటు ఉన్నవారికి అలా ఆపడం ప్రాణాపాయం.

కూకట్‌పల్లి_కొడుకు (హైదరాబాద్)

డాక్టరు గారికి నమస్కారాలు. అమ్మకు పరీక్ష చేయిస్తే పొటాషియం తక్కువగా ఉందని తేలింది. వైద్యుడు అతిమధురం ఆపించి, పొటాషియం సిరప్ రాసి, బి.పి. మాత్ర మార్చారు. డైక్లోఫెనాక్ కూడా ఆపి పైపూత జెల్ ఇచ్చారు. క్రియాటినిన్ మామూలుగానే ఉందన్నారు. వాపు తగ్గుతోంది. మలంలో రక్తం పరీక్ష కూడా రాశారు, ఫలితం ఇంకా రావాలి.

జీర్ణకోశ_వైద్యుడు (విజయవాడ)

సంతోషం బాబూ. అతిమధురం ప్రభావం ఆపిన తరువాత కూడా కొన్నాళ్ళు, ఒక్కొక్కసారి వారాల పాటు ఉంటుంది. అందువల్ల వాపు తగ్గిందని ఊరుకోకుండా, మీ వైద్యుడు చెప్పిన రోజున పొటాషియం మళ్ళీ చూపించండి. మలంలో రక్తం ఉందని వస్తే గొట్టం పరీక్షకు వెనకాడవద్దు.

ఔషధ_విద్యార్థిని (వరంగల్)

మా గైడు గారితో మాట్లాడాను. మేత పెట్టిన ఎలుకల నమూనా, చర్మం కింద ఇండోమెథాసిన్, పిండి మాత్రమే ఇచ్చే జట్టు, గాయం పడ్డాక సారం ఇచ్చే జట్టు, చిన్న పేగు పరిశీలన, ఇవన్నీ చేర్చి జంతు ప్రయోగాల నైతిక సంఘానికి దరఖాస్తు తయారు చేస్తున్నాము. జట్ల సంఖ్య పెరిగినందువల్ల జంతువుల సంఖ్య కూడా పెరుగుతోంది, సంఘం అభ్యంతరం చెబుతుందేమోనని గైడు గారి సందేహం. ఏదైనా తగ్గించుకోవలసి వస్తే దేనిని వదలవచ్చు?

ఔషధశాస్త్ర_శోధకుడు (బెంగళూరు)

రెండు మోతాదుల సారం బదులు ఒకే మోతాదు పెట్టండి. ఆ మోతాదును మనిషి తినగలిగే అరటికాయ పరిమాణం నుంచి వెనక్కి లెక్కగట్టి నిర్ణయించండి. ఆల్కహాల్ నమూనాను పూర్తిగా వదిలేయండి. రక్తంలో మందు స్థాయికి విడి జట్టు అవసరం లేదు. నోటి ద్వారా మందు తీసుకున్న జట్ల నుంచే, చివర్లో మత్తు ఇచ్చినప్పుడు రక్తం తీసి, ప్లాస్మా వేరుచేసి భద్రపరిస్తే చాలు. సారం ఉన్న జట్టుకూ లేని జట్టుకూ స్థాయిలో తేడా ఉందో లేదో తెలుస్తుంది. పిండి జట్టును, చర్మం కింద మందు ఇచ్చే జట్టును మాత్రం ఎవరు చెప్పినా వదలకండి. ఆ రెండూ ఎందుకు అవసరమో దరఖాస్తులోనే రెండు వాక్యాల్లో రాస్తే సంఘం అర్థం చేసుకుంటుంది. హెచ్.పి.ఎల్.సి. (ద్రావణంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రం) మీద ఇండోమెథాసిన్ కొలిచే పద్ధతి విషయంలో సహాయం కావాలంటే ఈ వేదికలోనే రాయండి, నేను చూస్తూ ఉంటాను.